చదువు బాకీ

పట్టా పుచ్చుకొని, ఉద్యోగంలో కుదురుకొని, నలుగురిలో పేరు తెచ్చుకున్న మనిషి సాధించినదానిలో అతని వంతు ఎంత, ఇతరుల వంతు ఎంత అన్నది ధర్మచింతనలో పాత ప్రశ్న. విశ్వవిద్యాలయాలు వచ్చాక అది మరింత చిక్కుపడింది. పూర్వం విద్య తండ్రి దగ్గరనుంచి కొడుక్కో, గురువు దగ్గరనుంచి శిష్యుడికో అందేది. ఇచ్చినవాడెవరో పుచ్చుకున్నవాడికి ఎదురుగా కనిపించేవాడు. ఇప్పుడు ఒక డిగ్రీ వెనక కన్నవాళ్ల అప్పు ఉంటుంది, ప్రభుత్వ ఖజానా ఉంటుంది, కళాశాలకు ఎప్పుడో ఎవరో రాసిచ్చిన స్థలం ఉంటుంది, సాయంత్రం పూట లెక్కలు చెప్పిన మాస్టారు ఉంటాడు. అదే సీటు కోసం రాసి, రాక వెనక్కు తిరిగినవాళ్లూ ఉంటారు. వీళ్లలో ఎవరికి బాకీ? అసలు బాకీ అంటూ ఉందా? ఉంటే ఎవరికి చెల్లిస్తే తీరుతుంది?

కోనసీమలో బంగాళాఖాతం అంచున ఉన్న కాట్రేనికోన మండలంలో ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. ఒకపక్క కొబ్బరితోటలు, వరిచేలు, రొయ్యల చెరువులు. మరోపక్క పల్లంలాంటి మత్స్యకార గ్రామాలు. వృద్ధగౌతమి ఒడ్డున కుండలేశ్వరం క్షేత్రం. చాలాకాలం ఇక్కడి పిల్లవాడు పై చదువుకు పోవాలంటే రేవు దాటి కాకినాడలోని పిఠాపురం రాజావారి కళాశాలకో, రాజమండ్రికో, 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికో పోవలసి వచ్చేది. అమలాపురంలో 1951లో శ్రీ కోనసీమ భానోజీ రామర్స్ కళాశాల వచ్చాక డిగ్రీ చదువు దగ్గరపడింది. 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇవాళ మండలంలోని చెయ్యేరులోనే ఇంజనీరింగు కళాశాల ఉంది. చదివినవాళ్లు పట్టిన దారులు కూడా తరానికొక తీరుగా మారుతూ వచ్చాయి. మొదటి తరం వకీళ్లు, బడిపంతుళ్లు, గుమస్తాలు అయింది. తరవాతివాళ్లు బ్యాంకులకు, ప్రభుత్వ కార్యాలయాలకు వెళ్లారు. ఇప్పటివాళ్లు హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు, అక్కడినుంచి అమెరికాకు పోతున్నారు. డిగ్రీ లేనివాళ్ల దారి గల్ఫు. ఆ దారిన ఇళ్లలో పనికి వెళ్లిన ఆడవాళ్లు కోనసీమ నిండా ఉన్నారు. వాళ్లు పంపిన దినార్లతో, రియాళ్లతో ఇంజనీరింగు పూర్తిచేసిన కొడుకులూ కూతుళ్లూ తక్కువేమీ కాదు.

ఊళ్లో ఒకరు పైకొచ్చినప్పుడు సాధారణంగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, కష్టపడ్డాడు, సాధించాడు. రెండోది, పెట్టిపుట్టాడు. మొదటి మాట ఫలాన్ని పూర్తిగా మనిషి ఖాతాలో వేస్తుంది. రెండోది కూడా అతని ఖాతాలోనే వేస్తుంది, కాకపోతే జమ పోయిన జన్మలోది. కర్మ సిద్ధాంతానికి వాడుకలో ఉన్న రూపం ఇదే: ఇప్పుడు అనుభవిస్తున్నది అప్పుడు ఇచ్చిన దానఫలం. ఈ మాటలో ఓదార్పు ఉంది. సీటు రానివాడు తెలివితక్కువవాడు కాడని చెబుతుంది. ఇబ్బంది కూడా అక్కడే ఉంది. ఒకడికి బడి పక్కనే ఉండి, ఇంకొకడికి రెండు రేవులు దాటితేగాని బడి లేకపోతే, ఆ తేడాకు కారణం రోడ్డు వేయనివాళ్లు కాక పూర్వజన్మ అయిపోతుంది. కష్టం అన్న మాటా, పుణ్యం అన్న మాటా చివరికి ఒకే పని చేస్తున్నాయి. ఇచ్చినవాళ్లను లెక్కలోంచి తప్పిస్తున్నాయి.

వైదిక సంప్రదాయం ఈ విషయంలో లోకవాడుక కంటే నిక్కచ్చిగా ఉంది. కోనసీమ వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. ఆ శాఖకు చెందిన సంహితలోనే బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడన్న మాట ఉంది: ఋషుల ఋణం బ్రహ్మచర్యంతోను, దేవతలది యజ్ఞంతోను, పితృదేవతలది సంతానంతోను తీరుతుంది. శుక్లయజుర్వేదానికి చెందిన శతపథ బ్రాహ్మణం దీన్ని విస్తరించి, మనుషులకు కూడా ఋణం ఉందని నాలుగోదాన్ని చేర్చింది. అది అతిథికి చోటు, అన్నం ఇవ్వడంతో తీరుతుంది. ఇంకొక తేడా కూడా ఉంది. తైత్తిరీయం బ్రాహ్మణుడి గురించి చెబితే, శతపథం పుట్టిన ప్రతివాడి గురించీ చెబుతుంది. ఈ రెండో తేడాకు కోనసీమలో ఎంత బరువుందో ముందుముందు తెలుస్తుంది.

ఋషి ఋణం తీరే పద్ధతి గమనించదగ్గది. అప్పు ఇచ్చినవాడికే తిరిగి కట్టడం లోకరీతి. ఋషులు లేరు, ఉన్నా వాళ్లకు వేదం తిరిగి ఇవ్వడంలో అర్థం లేదు. అందుకే ఆ అప్పు వేదం నేర్చుకోవడంతో తీరుతుందన్నారు. నేర్చుకున్నవాడు ఋషుల నిధికి కాపలాదారు అవుతాడని శతపథం చెబుతుంది. కాపలా కాసిన నిధి ఎక్కడికి పోవాలన్నది తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి చెబుతుంది: అధ్యయనంతోపాటు అధ్యాపనమూ మానకూడదని పదేపదే హెచ్చరిస్తుంది. అంటే ఈ బాకీ వెనక్కు కట్టేది కాదు. వెనకనుంచి తీసుకుని ముందున్నవాడికి అందించేది. చదివినవాడు తన గురువుకు ఎంత ఇచ్చాడన్నది రెండో సంగతి. తన తరవాత వచ్చేవాడికి ఏమి మిగిల్చాడన్నదే అసలు లెక్క.

శిక్షావల్లిలోనే చదువు ముగించి ఇంటికి వెళ్లబోయే శిష్యుడికి ఆచార్యుడు చేసిన ఉపదేశం ఉంది. మన దేశంలోని విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవాల్లో దాన్ని తలచుకోవడం ఆనవాయితీ. వేదికమీద వినిపించేటప్పుడు సాధారణంగా తల్లి, తండ్రి, గురువు, అతిథి అన్న భాగంతో ఆపేస్తారు. అసలు ఉపదేశం ఇంకా లోకజ్ఞత గలది. క్షేమాన్ని, సంపదను నిర్లక్ష్యం చేయవద్దని కూడా అందులో ఉంది; సంపాదనను తప్పుపట్టే ధోరణి దానికి లేదు. ఇవ్వడం గురించి చెప్పినప్పుడు ఎంత ఇవ్వాలో చెప్పదు, ఎలా ఇవ్వాలో చెబుతుంది: శ్రద్ధతో, ఉన్నంతలో, సిగ్గుతో, భయంతో, తెలివిడితో. ఏ పని చేయాలో సందేహం వస్తే ఆ చోట ఉన్న ధర్మపరులు, కాఠిన్యం లేనివాళ్లు ఎలా నడుచుకుంటున్నారో చూసి నడుచుకోమంటుంది. చదువు ముగిసినవాడికి కూడా అన్నీ తెలియవని ఆచార్యుడే ఒప్పుకుంటున్న చోటు ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయం తన సూక్తిని కూడా ఉపనిషత్తుల శాంతిమంత్రంనుంచే తీసుకుంది. గురువూ శిష్యుడూ ఇద్దరూ కలిసి చేసిన అధ్యయనం తేజోవంతం కావాలన్నది దాని ప్రార్థన. ర్యాంకు వచ్చినప్పుడు ఒక్కడి ఫొటోయే వేసే ఫ్లెక్సీకి అది బొత్తిగా ఎదురుమాట.

ఫీజు కట్టి చదువుకున్నవాడికి ఇక బాకీ ఏమిటన్నది నేటి కాలపు అభ్యంతరం. దీనికి కాళిదాసు రఘువంశం ఐదో సర్గలో ఒక కథ ఉంది. వరతంతుమహర్షి దగ్గర కౌత్సుడు పద్నాలుగు విద్యలు నేర్చాడు. గురుదక్షిణ ఏమివ్వమంటారని అడిగితే, నీ సేవే చాలన్నాడు గురువు. శిష్యుడు ఊరుకోలేదు, లెక్క తేల్చమన్నాడు. విసిగిన గురువు విద్యకు కోటి చొప్పున పద్నాలుగు కోట్లు తెమ్మన్నాడు. యాగంలో సర్వస్వం దానం చేసి మట్టిపాత్రతో మిగిలిన రఘుమహారాజు ఆ డబ్బుకోసం కుబేరుడిమీదికి దండెత్తబోవడం, రాత్రికి రాత్రి బంగారు వాన కురవడం, అంతా తీసుకోమని రాజు, చెల్లించవలసినదానికి మించి రూపాయి వద్దని కౌత్సుడు పంతాలు పోవడం తెలిసిన కథే. దాన్ని రాజు ఔదార్యానికీ శిష్యుడి నిస్పృహకూ ఉదాహరణగా చెబుతారు. దానిలో ఇంకొక సంగతి కూడా ఉంది: విద్యకు వెల కట్టమన్న క్షణం నుంచే చిక్కు మొదలైంది. గురువు ఋణం లేదన్నంతవరకు ఋణం తీరిపోయే ఉంది. లెక్క అడిగాక కుబేరుడు దిగిరావలసి వచ్చింది.

నేటి ఫీజు విషయంలో లెక్క ఇంకొంచెం తిన్నగానే తేలుతుంది. 2000 దశకం చివరినుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజనీరింగు, డిగ్రీ చదువులకు ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తారంగా అమలైంది. తరవాతి ప్రభుత్వాలు పేర్లు మార్చినా పథకం సారం నిలిచింది. అంటే చాలా ఇళ్లలో ఫీజు కట్టినది ఇంటివాళ్లు కాదు, పన్ను కట్టినవాళ్లు. ఆ పన్ను కట్టినవాళ్లలో పిల్లలను బడికి పంపలేకపోయిన పల్లం జాలరి కూడా ఉన్నాడు, అతను కొన్న ప్రతి సబ్బుబిళ్ల మీదా పన్ను ఉంది కనుక. నా డబ్బుతో నేను చదివాను అనగలిగినవాళ్లు ఎంత వెతికినా కొద్దిమందే దొరుకుతారు. వాళ్లు చదివిన బడి గోడలు కూడా ఎవరో కట్టినవే.

ఏ చదువు ఏ పనికి అన్న ప్రశ్నకు స్వధర్మం అనే భావన అడ్డంగా నిలుస్తుంది. పరధర్మం ఎంత బాగా ఆచరించినా లోపాలున్న స్వధర్మమే మేలని గీత మూడో అధ్యాయం చెబుతుంది. పుట్టుకతో వచ్చిన పనే స్వధర్మం అని అక్షరాలా తీసుకుంటే ఇంట్లో వైదికాగ్నులు నిలుపుకున్న ఆహితాగ్ని కొడుకు అగ్నిహోత్రం దగ్గర, కూలివాడి కొడుకు చేలో ఉండిపోవలసిందే. విశ్వవిద్యాలయానికి పనే లేదు. ఆధునిక వ్యాఖ్యాతలు చాలామంది స్వధర్మాన్ని మనిషి స్వభావానికి తగిన పని అని అర్థం చెప్పారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ ఈ తరహా వ్యాఖ్యాతల్లో ముఖ్యుడు. ఆయన ఆక్స్‌ఫర్డు ఆచార్య పదవికి వెళ్లిన 1936లోనే అంబేడ్కర్ కులనిర్మూలన ప్రసంగపాఠాన్ని అచ్చువేశాడు. కులం పనిని పంచలేదు, పనిచేసేవాళ్లను అంతస్తులుగా విడగొట్టిందన్నది అందులో ఆయన వాదన. మనిషి సామర్థ్యాన్ని చూసి పని ఇవ్వకుండా కన్నవాళ్ల అంతస్తును చూసి ఇచ్చే పద్ధతికి స్వభావం అన్న కొత్త పేరు పెట్టినంతమాత్రాన అది మారదని కూడా ఆ వాదన నుంచి తేలుతుంది. ఈ వివాదంలో కోనసీమ అనుభవం ఎవరి పక్షమో చెప్పడం కష్టం కాదు. ఇక్కడ పైకొచ్చిన పేరున్న పట్టభద్రుల్లో చాలామంది పుట్టుక అప్పగించిన పనిని వదిలినవాళ్లే.

ఇక బాకీ సంగతికి వస్తే, అంబేడ్కర్ జీవితమే ఋణభావనకు గట్టి పరీక్ష. బరోడా మహారాజు శయాజీరావు గాయక్వాడ్ విద్యార్థివేతనంతో ఆయన 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. చదువయ్యాక పదేళ్లు సంస్థానానికి సేవ చేయాలన్నది షరతు. 1917లో మాట ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరాడు. ఊళ్లో ఉండడానికి ఇల్లు ఎవరూ ఇవ్వలేదు. తానెవరో చెప్పకుండా పారశీకుల సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. అలా బరోడా వదిలి వెళ్లవలసి వచ్చింది. ఇక్కడ అప్పు ఇచ్చినవాడున్నాడు, తీరుస్తానని వచ్చినవాడున్నాడు, తీర్చనివ్వనిది సమాజం. ఏకలవ్యుడి కథలో గురువు ఏమీ ఇవ్వకుండానే బొటనవేలు పుచ్చుకున్నాడు. బరోడాలో జరిగింది దానికి తలకిందులు. ఊరు ఇవ్వక, ఇచ్చినవాడికి తిరిగి చెల్లించనివ్వక, రెండు వైపులా తలుపు మూసింది.

అటువంటివాడికి ఊరికి బాకీ ఉందని ఎవరూ అనలేరు. అంబేడ్కర్ కూడా ఊరికి చెల్లించలేదు. ఆయన చెల్లించినది తన వెనక ఉన్నవాళ్లకు. 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టి విద్యార్థుల వసతిగృహాలు, గ్రంథాలయాలు చేపట్టాడు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కళాశాల స్థాపించాడు. ఆ చదువుల వల్ల తయారైనవాళ్ల మీద ఆయన పెట్టుకున్న ఆశ ఎంత పెద్దదో, వాళ్లు కార్యాలయాల్లో కుదురుకొని వెనుదిరిగి చూడలేదన్న బాధా అంత పెద్దది. 1956 మార్చిలో ఆగ్రాలో ఆ బాధను బహిరంగంగానే చెప్పుకున్నాడు. వేదం చదవడానికి అర్హత లేదన్న జనంలోంచి వచ్చినవాడు, వేదశాఖ చెప్పిన ఋషి ఋణం తీరే దారిలోనే, ముందున్నవాడికి అందించే దారిలోనే నడిచాడు. ఇది కాకతాళీయమని కొట్టిపారేయవచ్చు. విద్య స్వభావమే అంతేమోనని కూడా అనుకోవచ్చు. ఎందుకంటే ఇచ్చినా తరగని వస్తువును తిరిగి ఇవ్వడం కుదరదు, ఇంకొకరికి ఇవ్వడమే కుదురుతుంది.

కాట్రేనికోన మండలం కందికుప్పలో 1939 జూన్ 27న పుట్టిన బొజ్జా తారకం ఈ దారిని తన వృత్తిలో చూపించాడు. తండ్రి అప్పలస్వామి అంబేడ్కర్ ఉద్యమంలో నిలిచి శాసనసభ్యుడైన మనిషి. తారకం న్యాయశాస్త్రం చదివి నిజామాబాదులోను, తరవాత హైదరాబాదు హైకోర్టులోను ప్రాక్టీసు చేశాడు; అత్యవసర పరిస్థితిలో జైలుకు వెళ్లాడు. హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉండగా 1985 జులై 17న కారంచేడులో దళితుల హత్యలు జరిగాయి. ఆయన ఆ పదవికి రాజీనామా చేశాడు. వృత్తిలో ఎదుగుదల అన్న కొలతతో చూస్తే ఇది వెనకడుగు. ఆ కొలత సరైనదేనా అన్నదే ఈ వ్యాసం అడుగుతున్నది.

తారకం రాసినవాటిలో ఈ చర్చకు అన్నిటికంటే పనికొచ్చేది కవిత్వమూ కాదు, కులం వర్గం మీద చేసిన సిద్ధాంత చర్చా కాదు. ‘పోలీసులు అరెస్టుచేస్తే’ అన్న పుస్తకం. అరెస్టయిన మామూలు మనిషికి ఏ హక్కులున్నాయో, ఏం చేయాలో మామూలు తెలుగులో చెప్పింది అది. న్యాయశాస్త్ర పట్టా ఒక మనిషికి బతుకుతెరువు ఇస్తుంది. ఆ పట్టాలోని సారాన్ని తీసి స్టేషన్ గుమ్మం దగ్గర నిలబడ్డవాడి చేతికి ఇస్తే అది అధ్యాపనం. శిక్షావల్లి చెప్పిన అధ్యాపనానికి తరగతి గది ఉండి తీరాలని లేదు. తారకం 2016 సెప్టెంబరు 16న మరణించాడు. ఆయన మామ బోయి భీమన్న కూడా కోనసీమవాడే. మామిడికుదురులో 1911లో పుట్టి, కాకినాడలో బి.ఏ. చదివి, కొంతకాలం పంతులుగా పనిచేసి, ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యానికి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నాడు.

కాట్రేనికోనకు పొరుగున, ఐ.పోలవరం మండలం ఎదుర్లంకలో 1951 అక్టోబరు 1న పుట్టిన జి.ఎం.సి. బాలయోగిది ఇంకొక దారి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్నాతకోత్తర విద్య, న్యాయశాస్త్రం చదివి కాకినాడలో ప్రాక్టీసు పెట్టాడు. 1985లో మేజిస్ట్రేటుగా ఎంపికై, ఆ ఉద్యోగం వదిలి మళ్లీ వకాల్తాకు వచ్చాడు. 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షుడు, 1991లో అమలాపురం పార్లమెంటు సభ్యుడు, తరవాత కొంతకాలం రాష్ట్రంలో ఉన్నత విద్యామంత్రి, 1998 మార్చి 24న లోక్‌సభ సభాపతి. ఆ పీఠమెక్కిన మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు కూలి మరణించాడు. యానాం, ఎదుర్లంకల మధ్య గౌతమిపై కట్టిన వంతెనకు ఆయన పేరు పెట్టారు. తారకం పదవి వదిలి చెల్లించాడు, బాలయోగి పదవిలో ఉండి చెల్లించాడు. రెండింటిలో ఏది గొప్ప అన్న ప్రశ్నకు రెండు వైపులా పెద్ద గోతులున్నాయి. త్యాగాన్నే ధర్మంగా భావిస్తే, అధికారంలో ఉంటేనే అయ్యే పనులు ఎవరు చేస్తారు? పదవినే ఫలంగా భావిస్తే, అవసరమైన రోజున దాన్ని వదిలేవాడు ఎక్కడ దొరుకుతాడు? కుర్చీకి విలువ ఉన్నట్టే దానిలోంచి లేచి రావడానికీ విలువ ఉంది. దేనికి ఎప్పుడన్నది కారంచేడులాంటి సందర్భమే తేలుస్తుంది.

కోనసీమలో క్రైస్తవం కూడా పాతదే. నరసాపురం కేంద్రంగా 1836లో మొదలైన గోదావరి డెల్టా మిషను పని ఈ లంకలదాకా వచ్చింది. ఇక్కడి చర్చిల్లో చదువుకున్న పిల్లల గురించి మాట్లాడేటప్పుడు తరచుగా వినిపించేది మత్తయి సువార్తలోని తలాంతుల ఉపమానం. యజమాని ప్రయాణమై వెళుతూ ముగ్గురు దాసులకు వాళ్ల వాళ్ల శక్తిని బట్టి ఐదు, రెండు, ఒకటి చొప్పున తలాంతులు అప్పగిస్తాడు. మొదటి ఇద్దరూ వ్యాపారం చేసి రెట్టింపు చేస్తారు. మూడోవాడు పోతుందేమోనన్న భయంతో నేలలో పాతిపెట్టి, తిరిగి వచ్చిన యజమానికి అదే సొమ్మును అప్పగిస్తాడు. అతని మీదే యజమానికి కోపం. పోటీ పరీక్షల రోజుల్లో ఈ కథను ఎక్కువ సంపాదించినవాడే మంచివాడని చదవడం సులువు. కథ అలా లేదు. ఐదు సంపాదించినవాడికీ రెండు సంపాదించినవాడికీ యజమాని చెప్పిన మెప్పుమాటలు ఒకటే. అక్కడ కొలిచినది మొత్తాన్ని కాదు. ఇచ్చినదాన్ని కదిలించాడా, పాతిపెట్టాడా అన్నదాన్నే. కోటి రూపాయల ప్యాకేజీవాడిని, కాట్రేనికోన ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పే పంతులును ఒకే వరుసలో నిలబెట్టగల కొలత ఇది. కళాశాలల ప్రవేశాల ప్రకటనల్లో మాత్రం ఇది కనిపించదు.

బౌద్ధం గురుశిష్యుల మధ్య ఉన్నది రెండువైపుల బాధ్యత అంటుంది. దీఘనికాయంలోని సిగాలోవాద సుత్తంలో శిష్యుడు గురువుకు చేయవలసినవి ఐదు, గురువు శిష్యుడికి చేయవలసినవి ఐదు చెప్పారు. గురువు వంతులో బాగా నేర్పడం, విషయం పట్టుబడేలా చూడడంతోపాటు, శిష్యుడిని మిత్రులకు, తోటివాళ్లకు పరిచయం చేయడం, నలుదిక్కులా అతనికి రక్షణ కల్పించడం కూడా ఉన్నాయి. కళాశాలల్లో ఇప్పుడున్న ప్లేస్‌మెంట్ సెల్ పని దాదాపు ఇదే. అది కళాశాల చేస్తున్న మేలు కాదు, తీర్చవలసిన బాకీ అని ఈ సుత్తం లెక్క. అంటే విద్యార్థి ఎంత చెల్లించాలని అడిగే సంస్థ, తాను ఎంత చెల్లించిందో కూడా చూసుకోవాలి. పట్టా చేతిలో పెట్టి పంపేసిన విద్యాలయం తరవాత ఇరవై ఏళ్లకు పూర్వ విద్యార్థుల సంఘం పేరుతో విరాళం అడగడం ఈ దృష్టిలో కొంచెం ముందుకు దూకడమే.

పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనాలు కోనసీమలో ఇప్పుడు ప్రతి సంక్రాంతికీ కనిపిస్తాయి. పాతికేళ్ల కిందట కలిసి పదో తరగతి చదివినవాళ్లు పాత బడిలో చేరి, గురువులకు శాలువాలు కప్పి, జ్ఞాపికలిచ్చి, బడికి తాగునీటి యంత్రమో, బల్లలో, సైకిలు షెడ్డో ఇస్తారు. ఇందులో మంచి ఉంది. అది ఇచ్చినవాళ్ల పేర్లు యంత్రం కంటే పెద్ద అక్షరాల్లో ఉండడమూ ఉంది. సిగ్గుతో ఇవ్వాలన్న ఉపనిషద్వాక్యానికి వ్యాఖ్యాతలు ఎన్నో అర్థాలు చెప్పారు. సులువైన అర్థం ఒకటుంది: నాకున్నదానితో పోలిస్తే ఇస్తున్నది ఎంత తక్కువో తెలిసినవాడికే సిగ్గు కలుగుతుంది. పేరు రాయించుకోవడంలో ఆ సిగ్గు తీరిపోతుంది. వేదిక మీద శాలువా కప్పించుకున్న ఆ గురువు పెన్షను కాగితాల కోసం తిరుగుతున్నప్పుడు వెంట వెళ్లిన పాత శిష్యుడు, ఎవరికీ తెలియకపోయినా, ఎక్కువ తీర్చినవాడు.

ఈ చర్చలో చెప్పుకు తీరవలసిన మరొక పక్షం ఉంది. బాకీ అన్న మాట వసూలు చేసేవాడి చేతిలో పడితే పెత్తనమవుతుంది. పల్లంలాంటి ఊరిలో తన ఇంట్లో మొదటిసారి డిగ్రీ పూర్తిచేసిన ఆడపిల్లను తలచుకోవాలి. ఆమె మీద తండ్రి అప్పు, తమ్ముడి ఫీజు, కట్నం మాటలు, కులసంఘం ఆశలు, ఊరికి ఏం చేశావన్న ప్రశ్న అన్నీ ఒకేసారి వచ్చిపడతాయి. మూడు తరాలుగా చదువుకున్న ఇంటినుంచి వచ్చిన కుర్రవాడిని ఎవరూ అలా అడగరు. అతను అమెరికాలో స్థిరపడితే ఊరు గర్వపడుతుంది, ఆమె హైదరాబాదులో ఇల్లు కొనుక్కుంటే ఊరు మరిచిందంటారు. ఎక్కువ అందుకున్నవాడి మీద తక్కువ భారం, తక్కువ అందుకున్నవాడి మీద ఎక్కువ భారం పడడం ధర్మశాస్త్రం చెప్పిన లెక్క కాదు, లోకం చేస్తున్న లెక్క. ఊరు ఇచ్చిందానికంటే ఊరు ఆపిందే ఎక్కువైనప్పుడు ఊరి పేరు చెప్పి అడిగే హక్కు ఊరికి లేదు. 2022 మే 24న కొత్త కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు చేర్చడం మీద అమలాపురంలో ఇళ్లు తగలబడ్డాయి. కొలంబియాలోను లండనులోను చదివి దేశానికి రాజ్యాంగం రాయడంలో ముందున్న మనిషి పేరే ఈ గడ్డమీద అంత సులువుగా కుదురుకోలేదు. ఆ గడ్డకు చెల్లించమని అతని వెనక నడిచినవాళ్లను అడగడంలో కొంత అణకువ ఉండాలి.

తైత్తిరీయ సంహిత ఇక్కడ ఒక ఊరట ఇస్తుంది. ఋణాలు చెప్పిన వెంటనే అది ఋణవిముక్తుడెవరో కూడా చెబుతుంది. నేర్చుకుని, యజ్ఞం చేసి, సంతానం పొందినవాడు ఋణం తీరినవాడు. అంటే అది తీరేదిగా ఉద్దేశించిన బాకీ, జన్మంతా మెడ మీద మోసేది కాదు. ఆ లెక్కనే పట్టభద్రుడికి వర్తింపజేస్తే, చదువును పాతిపెట్టకుండా చక్కగా నేర్చుకుని, తన పనిని తప్పుడు పనికి అమ్ముకోకుండా చేసి, తాను నిలబడ్డ మెట్టు దగ్గరికి ఇంకొకరిని చేర్చినవాడికి మిగిలే బాకీ లేదు. ఆ ఇంకొకరు సొంత ఊరివాడే కావాలనీ లేదు. తారకం కందికుప్పలో పుట్టి నిజామాబాదులో చెల్లించాడు.

తైత్తిరీయ సంహితను ఇప్పటికీ కంఠస్థంగా నిలిపిన కోనసీమ అగ్రహారాల్లో కూడా ఈ ప్రశ్న నలుగుతూనే ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ నైప్ దశాబ్దాలపాటు ఇక్కడి ఆహితాగ్నుల కుటుంబాలతో మాట్లాడి రాసిన పుస్తకం 2015లో ఆక్స్‌ఫర్డు నుంచి వచ్చింది. కొడుకులు వేదం విడిచి ఇంగ్లీషు చదువులకు, ఉద్యోగాలకు మళ్లుతుంటే తండ్రులు పడిన యాతన అందులో ఉంది. అక్షరార్థంగా చూస్తే ఆ కొడుకులు ఋషి ఋణం ఎగ్గొట్టినవాళ్లు. తండ్రి దగ్గర నేర్చిన ఉచ్చారణ శుద్ధిని, జ్ఞాపకశక్తిని ఇంకో శాస్త్రానికి పెట్టి ఇంకొకరికి నేర్పితే ఆ ఋణం తీరుతుందా అన్నదానికి సంహితలో నేరుగా జవాబు లేదు. పండితులు ఒప్పుకోరు, వేదానికి వేదమే చెల్లు అంటారు. శతపథం చెప్పిన నాలుగో ఋణం, మనుషులది, మాత్రం ఆ కొడుకులకూ మిగిలే ఉంటుంది. దాన్ని తీర్చడానికి ఏ శాఖా, ఏ డిగ్రీ అడ్డు రాదు.